అద్దం మీద బొటనవేలు

కాటారంల ఎక్కిన హన్మకొండ బస్సుల, కిటికీ పక్కన ఒక ముసలాయన కూసున్నడు. రెండు చేతులూ తువ్వాలల చుట్టుకొని, ముందు సీటు కడ్డీ పట్టుకోకుంట, ప్రతి మలుపుకూ నా మీద పడుతున్నడు.

"జర కడ్డీ పట్టుకో బాపూ" అన్న, కోపంగనే.

"గట్టిగ పట్టుకుంటే గీతలు అరుగుతయి బిడ్డా."

పడుచుతనంల మిలిటరీల ఉండి లడాయి చేసొచ్చినాయన. ఆ నౌకరి పింఛను కోసం తిరుగుతున్నడు. పార, గొడ్డలి పట్టి అరిగిన బొటనవేలిని ఆఫీసుల మిషన్ మూడుసార్లు గుర్తువట్టలేదట. అందుకే నెల సంది పార ముట్టలే, రోజూ కొబ్బరినూనె రాస్తున్నడు. ఇయ్యాల నాలుగోసారి పోతున్నడు.

"తుపాకి పట్టిననాడు గూడ ఈ వేలును గింత పైలంగ చూసుకోలే" అని నవ్విండు.

భూపాలపల్లి దగ్గరవడంగ తువ్వాల విప్పి, దుమ్ము పట్టిన అద్దం మీద బొటనవేలు ఒత్తి తీసిండు. ఇద్దరం వంగి చూసినం. సన్నగ, చుట్లు చుట్లుగ గీతలు కనవడ్డయి.

"ఉన్నయి బాపూ!" అన్న, బస్సంత వినవడేటట్టు.

ఆయన వేలు తుడుసుకొని, మళ్ల తువ్వాల చుట్టుకొని దిగిండు. నేను ఆయన పేరు గూడ అడగలే. ఆ సీట్ల ఒకామె కూసొని, ఉక్కపోస్తుందని అద్దం జరపబోయింది.

"జర ఆగక్కా" అన్న. "గది ఉండనియ్యి."