మార్చిన చీటీలు

కొలతలక్క లెక్క తప్పదని ల్యాబులో అందరికీ గురి. చిప్పుల్లో సన్నని తీగలుగా పనికొచ్చే లోహపు పొరల్ని ఇరవై రెండేళ్లుగా ఆమే కొలుస్తోంది. పొర మరీ పల్చబడితే కరెంటు వేడై వృథా పోతుందని రాగి ఆమెకు నేర్పింది. అందుకే నిన్న కొత్త లోహంలో పల్చటి పొరే మేలని మీటరు చూపగానే, తనే పల్చటి, మందపాటి పొరల డబ్బాలు తారుమారు చేశాననుకుని నాలుక కరుచుకుంది. గుట్టుచప్పుడు కాకుండా వాటి చీటీలు మార్చేసింది.

ఇవాళ ఆ అంకెలు చూసి పెద్దసారు కుర్చీలో కూలబడ్డాడు.

"మూడేళ్ల చాకిరీ నీళ్లపాలైంది. ఇదీ రాగిలాంటిదే. ఇంక ఆపేద్దాం."

నోరు విప్పితే అక్క ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. విప్పకపోతే ఆ లోహం చెత్తబుట్టలోకి పోతుంది.

"ఆగండి సార్. ఆ చీటీలు నేనే మార్చాను."

"మార్చావా? ఎందుకమ్మా?"

"పల్చటిది అంత బాగుంటుందంటే నమ్మబుద్ధి కాలేదు సార్. నాదే పొరపాటనుకున్నా."

ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. "మూడేళ్లుగా నేను వెతుకుతున్నది అదేనమ్మా!" అన్నాడు. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది.

"ఇంతకు ముందు ఇలా ఎన్నిసార్లు మార్చావు?"

కొలతలక్క తల వంచుకుని, ఒక్కొక్క వేలే మడవసాగింది.