ఆరడుగుల పలకరింపు

ఒక్క లైను చెరపడం మరిచిపోయినానప్పా, ఒకే ఒక్క లైను! అదిప్పుడు ఆరడుగుల వెడల్పుతో నా ఎదురుగా ఉండాది. ఎట్లంటే వినండి.

నేను కాలేజీలో కంప్యూటర్ చదవలేదు. ఆర్ అనే లెక్కల లాంగ్వేజ్‌ని హోసూరు రూములో కూర్చుని, వీడియోలు చూసి నేర్చుకున్నాను. దానికొక స్టార్టప్ ఫైలుంటుంది. ప్రోగ్రాం తెరవగానే ముందు ఆ ఫైలు చదువుకుని, అందులో ఏముంటే అది చేస్తుంది. నా షార్ట్‌కట్లన్నీ అందులోనే దాచినాను. ఊరికే ఉండలేక పైన ఒక పలకరింపు కూడా తగిలించినాను. నాకు నేనే బుద్ధి చెప్పుకునేదానికి!

“రాప్పా మొద్దూ, వచ్చినావా? నిన్న చెడగొట్టింది ఈరోజన్నా సరిచెయ్!”

పోయిన వారం కృష్ణగిరిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డెమో. ఏ తోట కాయ ఎంత తియ్యగుందో నా ప్రోగ్రాం గ్రాఫు గీసి చూపించాల. నచ్చితే పర్మనెంట్ ఉద్యోగం! ఓనర్ నాగప్ప సార్ కంప్యూటర్లో ఎక్కించి ఎంటర్ కొట్టినాను. ఎర్రగా ఎర్రర్! మళ్ళీ కొట్టినాను. మళ్ళీ ఎర్రర్!

“ఏమప్పా, హోసూరులో ఆడేది ఈడ ఆడదా?” అన్నాడు సార్.

అప్పుడు తట్టింది. షార్ట్‌కట్లుండేది స్టార్టప్ ఫైల్లో, ఆ ఫైలుండేది నా లాప్‌టాప్‌లో! గబగబా పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయన కంప్యూటర్లోకి కాపీ చేసినాను. “ఇప్పుడు మీరే తెరవండి సార్!” అన్నాను జంబంగా.

తెరిచినాడు. గ్రాఫు కంటే ముందు, స్క్రీన్ మీద... “రాప్పా మొద్దూ!”

ఆఫీసంతా వెనకే నిలబడి ఉండాది. సార్ కళ్ళద్దాలు సరిచేసుకుని ముందుకు వంగినాడు.

“తెలుగులో ఉండాదే! ఏమని రాసినావప్పా?”

అమ్మయ్య! ఆయనకి ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు తమిళం. తమిళనాడులో మా వైపు తెలుగోళ్ళు సగంమంది అంతే, గడగడా మాట్లాడతారు గానీ అక్షరం రాదు!

“‘రండి, మీ రాక మాకు సంతోషం’ అని సార్,” అన్నాను, కన్నార్పకుండా.

సార్ మురిసిపోయి సెల్‌తో ఫోటో తీసుకున్నాడు. గ్రాఫు కూడా చక్కగా వచ్చింది. “సోమవారం చేరిపో!” అన్నాడు. ఆ సంతోషంలో గాల్లో తేలుకుంటా హోసూరు బస్సెక్కినాను. ఇంక లైను సంగతి యాడ గుర్తుంటుంది?

సోమవారం పోతే గేటుకాడ కొత్త ఫ్లెక్స్! చుట్టూ మామిడికాయల బొమ్మలు, చేతులు జోడించి నవ్వే సార్ ఫోటో, మధ్యలో బంగారు రంగులో నా లైను! ఫ్లెక్స్ ప్రింటు కొట్టినవాడికీ తెలుగు చదవను రాదంట, ఫోటో చూసి అట్లే దించేసినాడు. దాని కింద కుప్పం నుంచి కాయలు తెచ్చిన లారీ డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వుతా ఉండాడు. పక్కనే సార్.

“ఏం నవ్వుతావు? గట్టిగా చదువప్పా!”

చదివినాడు. గట్టిగానే.

సార్ నా వైపు తిరిగినాడు. “మీ రాక సంతోషం అంటివే?”

“అది నాకోసం రాసుకున్నది సార్. మొద్దు నేనే సార్.”

సార్ నన్నూ ఫ్లెక్స్‌నీ మార్చి మార్చి చూసినాడు. “అట్లయితే నీ ఎదురుగానే ఉండనీ.”

ఉద్యోగం పోలేదు. ఫ్లెక్సూ పోలేదు, నా సీటు ఎదురు గోడకెక్కింది. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చెయ్యకముందే నా స్టార్టప్ ఫైలు రన్ అవుతా ఉండాది. ఒక్క ఎర్రర్ రాదు!