యోహాను కాదన్న పోస్టర్

యోహాను ముప్పై రెండేళ్లు కోరుట్ల గోడలకు సినిమా పోస్టర్లు అతికించాడు. హాలు మూతపడ్డాక పదేళ్లు ఒక బట్టల దుకాణానికి కాపలా ఉన్నాడు. అరవై దగ్గరపడ్డాక, ఏ పోస్టర్ ఆనాటిదో, ఏది దాన్ని చూసి తర్వాత అచ్చేసిందో చెప్పగల మనిషిగా జగిత్యాల దాకా పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరే ఆయన చేత ఒక తప్పు చేయించింది.

సొంతూరు కథలాపూర్ పక్కన. తల్లిదండ్రులకు గుంట భూమి లేదు. ఇద్దరూ ఒకరి పొలంలో నాటుకు, ఇంకొకరి పొలంలో కోతకు పోయి బతికినవాళ్లు. పదహారో ఏట యోహాను కోరుట్లకు వచ్చాడు. హాలు మేనేజరు ఒక నిచ్చెన, ఒక లై డబ్బా, ఒక కొబ్బరిపీచు కుంచె చేతికిచ్చి, "బజారంతా మనదే, పో" అన్నాడు. పొద్దున్నే మైదాపిండి ఉడికించి లై చేసి, పశువులు నాకకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, సైకిల్‌కు డబ్బా తగిలించుకుని బయల్దేరేవాడు. చర్చిలో పెద్దలు సినిమాలు చూడొద్దని చెప్తే, "నేను చూత్తలేనయ్యా, అతికిత్తున్న" అని నవ్వించేవాడు. అది నిజమే. చాలా సినిమాలు ఆయన చూడలేదు. వాటి కాగితాలు మాత్రం ఒక్కోటి ఎంత బరువో, లై తగిలితే ఎంతసేపట్లో మెత్తబడుతుందో, ఏ రంగు చెయ్యికి అంటుతుందో తెలుసు.

హాలు ఫంక్షన్ హాలుగా మారాక ఈ తెలివితో ఎవరికీ పని లేకుండా పోయింది. అప్పుడు సుదర్శన్ వచ్చాడు. జగిత్యాలలో టవర్ దగ్గర అతనికి పాత సామాన్ల దుకాణం ఉంది. పాత రేడియోలు, ఇత్తడి గంగాళాలు, గోడ గడియారాలతో పాటు పాత సినిమా పోస్టర్లు కూడా కొనడం మొదలుపెట్టాడు. హైదరాబాద్ హోటళ్ల వాళ్లు, కాలేజీ పిల్లలు వాటికోసం ఎగబడుతున్నారు. ఎగబడేసరికి నకళ్లు కూడా వచ్చిపడ్డాయి. ఏది ఏదో సుదర్శన్‌కు అంతుపట్టక యోహానును వెతుక్కుంటూ కోరుట్ల వచ్చాడు.

మొదటిరోజే దుకాణంలో రెండు పోస్టర్లు పక్కపక్కన పరిచి, యోహాను కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాడు.

"గిది పాతది. గది కాదు."

"ఎట్ల చెప్పినవే, కండ్లు మూసుకొని?" అన్నాడు సుదర్శన్.

"మడతలు చూడు. గప్పట్ల కరీంనగర్ నుంచి బస్సుల మీద కట్టలు కట్టలు మడతపెట్టి పంపేటోళ్లు. ఇప్పి అతికిచ్చినా మడత కాడ కాగితం నలిగే ఉంటది, వేలికి తగుల్తది. గీ రెండోదాన్ల మడత కండ్లకు కనవడుతది గని వేలికి తగుల్తలేదు. ఎందుకు? పాతదాన్ని ఫొటో తీసి కొట్టిండ్రు. మడత గూడ అచ్చుల పడ్డది."

తర్వాత భూతద్దం పెట్టి చూపించాడు. అడుగున సన్నగా ఉండే ప్రెస్సు పేరు పాతదానిలో సూది గీసినట్టుంది. కొత్తదానిలో ఆ అక్షరాల అంచులు చుక్కలు చుక్కలుగా చెదిరాయి. పాత కాగితం అంచుల నుంచి లోపలికి పసుపు పారుతుందనీ, టీ నీళ్లలో ముంచిన కాగితం అంతటా ఒకేలా ఉంటుందనీ చెప్పాడు. ఆ రోజు నుంచి సుదర్శన్ ఆయన్ను అడగకుండా ఒక్క కాగితం కొనలేదు. వారానికి రెండు రోజులు యోహాను బస్సెక్కి జగిత్యాల పోయేవాడు. వచ్చినవాళ్లు "సార్" అని పిలిచేవారు. నిచ్చెన మీద ఉన్నన్నాళ్లూ ఆయన్ను ఎవరూ అలా పిలవలేదు. భార్య కృపారాణి చొక్కాకు ఇస్త్రీ చేసి పంపడం అలవాటు చేసుకుంది.

నిరుడు ఫిబ్రవరిలో సుదర్శన్ జగిత్యాలలో రెండు రోజులు పాత సినిమా బొమ్మల ప్రదర్శన పెట్టాడు. ఇళ్లలో పాత పోస్టర్లు దాచుకున్నవాళ్లు తెస్తే, యోహాను చూసి నిజమైనవని చెప్పినవాటికి "అసలు" అని చీటీ కట్టి గోడకు పెడతారు. రెండో రోజు మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. యోహాను బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కటి చూసి తేల్చేస్తున్నాడు.

అప్పుడు సిరిసిల్ల నుంచి నర్సయ్య వచ్చాడు. డెబ్బై దాటిన నేతమనిషి. మొదట చేతిమగ్గం, తర్వాత నలభై ఏళ్లు ఒకరి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పని. వెంట కూతురు నవత ఉంది. ఆయన చంకలోంచి ఒక చుట్ట తీసి బల్ల మీద విప్పాడు. జానపద సినిమా పోస్టర్. కత్తి పట్టిన రాజకుమారుడు, పక్కన రాజకుమారి. వెనక వైపు బట్ట కనిపిస్తోంది.

"గీ రాజకుమారి చీర అంచు చూసిండ్రా సారూ," అన్నాడు నర్సయ్య సంబరంగా. "సినిమా సిరిసిల్లకు అచ్చిన మొదటి రోజే పోస్టర్ అడిగి తెచ్చుకొని, మగ్గం ముంగట పెట్టుకొని, వారంల గీ అంచు దించిన. తర్వాత అందరు నేసిండ్రు. మొదలు నేసింది నేనే."

యోహాను వేళ్లతో తడిమాడు. మడత గీతలు కనిపిస్తున్నాయి, వేలికి తగలడం లేదు. వెనక బట్ట. ఈమధ్య నకళ్లను బట్ట మీదే అచ్చేసి అమ్ముతున్నారు. భూతద్దం అడుగుకు జరిపాడు. ప్రెస్సు పేరు పక్కన "మద్రాసు" అని ఉండాల్సిన చోట "మద్రసు" అని ఉంది. ఆ సినిమా పోస్టర్లు యోహాను కోరుట్లలో కనీసం నూరు అతికించి ఉంటాడు. వాటిలో దీర్ఘం ఉంది. ఆయనకు బాగా గుర్తు. ఆ తప్పు కనబడగానే ఇక అక్షరాల అంచులు చూడలేదు.

ఇంకో పది మంది చుట్టలు పట్టుకుని నిలబడ్డారు.

"ఇది కాదు," అన్నాడు యోహాను గట్టిగానే. "తర్వాత కొట్టింది. కంప్యూటర్ల చేసెటోడు దీర్ఘం మర్శిండు. గీ సినిమాది అసలుది నేనే నా చేతులతోని అతికిచ్చిన పెద్దమనిషీ."

నర్సయ్య పోస్టర్ అంచు పట్టుకున్నాడు. "గట్లెట్లయితది సారూ? నలభై అయిదేండ్ల సంది నా ఇంట్ల ఉన్నది."

"ఎక్కడ్నో మర్శిపోయి ఉంటవ్. ఎవరన్న తర్వాత ఇచ్చింది, అప్పటిదే అనుకుంటున్నవ్."

వెనక ఎవరో నవ్వారు. వీడియో తీసే అబ్బాయి ఫోను నర్సయ్య వైపు తిప్పాడు. నవత కలగజేసుకోబోయింది. "బాపు అబద్ధం చెప్పడు కాకా, మా అమ్మకు గూడ ఎరుకే..." ఆమె మాట పూర్తికాకముందే నర్సయ్య పోస్టర్ చుట్టేసుకున్నాడు. "పా బిడ్డా, బస్సుకు ఆలస్యమైతది" అన్నాడు. యోహాను అప్పటికే పక్కవాడి చుట్ట విప్పుతున్నాడు.

ఆగస్టులో, ముసురు పట్టిన రోజు, కరీంనగర్‌లో ఒక పాత డిస్ట్రిబ్యూటర్ గోదాము ఖాళీ చేస్తుంటే సుదర్శన్ అక్కడి కాగితాలన్నీ ఎత్తుకొచ్చాడు. దుకాణంలో యోహాను కట్టలు విప్పుతూ కూర్చున్నాడు. అదే జానపద సినిమావి రెండు కట్టలు వచ్చాయి. రెండూ పురికొసతో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒకదాని మీది చీటీలో సినిమా విడుదలైన వారం తేదీ. రెండోదాని చీటీలో దాదాపు నెలన్నర తర్వాతి తేదీ.

మొదటి కట్ట విప్పి, అలవాటుగా భూతద్దం అడుగుకు పెట్టాడు. "మద్రసు." ఇంకోటి తీశాడు. "మద్రసు." కట్టంతా అంతే. రెండో కట్టలో దీర్ఘం ఉంది.

రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూశాడు. సంగతి విడమరచి చెప్పుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. సినిమా మొదట సిరిసిల్లకు వచ్చింది. కోరుట్లకు వచ్చేసరికి నెలన్నర దాటింది. ఈలోపు ప్రెస్సువాళ్లు తప్పు దిద్దుకుని మళ్లీ అచ్చేశారు. తను నూరు గోడలకు అతికించింది ఆ రెండో విడత. నర్సయ్య తెచ్చింది మొదటిది. తను అసలు అనుకున్నదానికంటే అసలు.

"మరి మడతలు?" అన్నాడు సుదర్శన్.

"నేతాయన గదా," అన్నాడు యోహాను నీరసంగా. "గంజి పెట్టి బట్టకు అతికిచ్చి ఇస్త్రీ చేసి ఉంటడు. మడత సాపు అయిపోతది. మూల ఒక్కటి గోటితోని గీకితే కాగితం బయటపడు. నేను గీకలే."

"పోనీ తీయ్. అందరం తప్పు చేత్తం."

"తప్పు చేసుడు కాదు సుదర్శనూ. నలుగుట్ల ఆయన్ని అబద్ధాలోణ్ని చేసిన."

మరునాడు మొదటి కట్టలోంచి ఒక పోస్టర్ అడిగి తీసుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. ప్రదర్శన రిజిస్టర్లో నవత ఫోన్ నంబర్ ఉంది. వీధి మొదట్లో ఆమే ఎదురొచ్చింది. వస్తున్న కారణం ఫోన్లోనే చెప్పినందువల్ల ఆమె ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువగా కనిపించింది. "బాపును నొప్పియ్యకు కాకా, ఇప్పుడిప్పుడే మర్శిపోతున్నడు" అని మాత్రం అంది. అటూ ఇటూ సాంచల చప్పుడు. మాటలు వినబడాలంటే గొంతు పెంచాల్సి వచ్చేది. నర్సయ్య ఇంటి ముందర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్య లచ్చవ్వ కుర్చీ తెచ్చి వేసింది.

యోహాను కూర్చోలేదు. "నర్సన్నా, నేను చెప్పింది తప్పు. నీదే అసలుది" అన్నాడు. చుట్ట విప్పి, తేదీలు, రెండు కట్టలు, దీర్ఘం సంగతి అంతా చెప్పాడు. నర్సయ్య చివరిదాకా విన్నాడు. తర్వాత పోస్టర్ మీదికి వంగి, రాజకుమారి చీర అంచు మీద వేలు పెట్టి పూలు లెక్కపెట్టినట్టు జరిపాడు.

"ఔ. గిదే."

"నీది ఏదన్నా? ఒకసారి చూత్త. నలుగురి ముంగట మళ్ల చెప్త."

లచ్చవ్వే చెప్పింది. జగిత్యాల నుంచి వచ్చినరోజు ఆయన అన్నం తినలేదట. మనవలు ఫోన్లో ఆ వీడియో చూసి, తాత కథలు చెప్తడని నవ్వారట. "నేను గూడ అడిగిన," అంది ఆమె. "నిజం చెప్పయ్యా, మొదలు నేసింది నువ్వేనా, ఎవరన్న నేసినంక చూసి నేసినవా అని. ఆయన వెంట మగ్గం మీద కూసున్నదాన్ని నేను. నూలు చిట్టెలు చుట్టిచ్చినదాన్ని. నేనే అడిగిన."

"ఆమె తప్పేం లేదు," అన్నాడు నర్సయ్య. "నాకే అనుమానమచ్చింది తమ్మీ. గంత తెలిసినోడు చెప్పిండంటే నాకే మతి తప్పిందేమో అనుకున్న. ఏడాది సరిగ్గ గుర్తుండదు గదా. ఎవరు ముందు నేసిండ్రో, ఎవరు ఎనక నేసిండ్రో... ఆలోచన చేత్తాంటె ఏదీ గట్టిగ నిలవడలే. ఇంట్ల అబద్ధం ఎందుకని నీళ్ల తొట్టిల నానేసిన. కాగితం ముద్దయి పోయింది. బట్ట మంచిది, నేను నేసిందే. గీమె బొంతల ఏసి కుట్టింది."

యోహాను అప్పుడు కూర్చున్నాడు. తెచ్చిన పోస్టర్ మళ్లీ చుట్టి, నర్సయ్య ఒడిలో పెట్టబోయాడు. "ఇది ఉంచుకోన్నా. ఒక్క కట్టలయే ఇవి, ఒక్క విడతే కొట్టిండ్రు."

నర్సయ్య దాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు. "నాకెందుకు తమ్మీ. గిది ఏ మగ్గం ముంగట లేదు."

ఛాయ్ తాగేదాకా ఉండమన్నారు. తాగాడు. నర్సయ్య ఆయన్ను ఒక్క మాట అనలేదు. పైగా బస్టాండు దాకా తోడు పొమ్మని కూతురికి చెప్పాడు. దారిలో యోహాను, "నన్ను తిట్టినా బాగుండు బిడ్డా" అన్నాడు. నవత, "మా బాపుకు తిట్టుడు రాదు కాకా" అని ఊరుకుంది.

తర్వాత సుదర్శన్ ఇంకో ప్రదర్శన పెట్టినప్పుడు యోహాను మైకు అడిగి తీసుకుని, నర్సయ్య పేరు చెప్పి, తన తప్పు ఒప్పుకున్నాడు. విన్నవాళ్లు తక్కువ. ఆ రోజు ఎవరూ వీడియో తీయలేదు. సుదర్శన్‌కు అది నచ్చలేదు. దుకాణం మీద నమ్మకం పోతుందన్నాడు. యోహాను బల్ల దగ్గర కూర్చోవడం మానేశాడు. ఎవరైనా ఇంటికి వచ్చి అడిగితే మడత ఎట్లా ఉంది, అక్షరం ఎట్లా ఉంది, కాగితం ఎట్లా ఉంది చెప్తాడు. అసలు, నకలు అనే మాటలు ఆయన నోట రావు. తేల్చి చెప్పమని పట్టుపడితే, "కోరుట్ల గోడల మీదియి నాకెరుక. మిగిలినయి ఎరుకలేదు" అంటాడు.

ఫిబ్రవరి ప్రదర్శనలో తను కాదన్నవి మొత్తం తొమ్మిది. రిజిస్టర్ పట్టుకుని ఒక్కొక్కరి ఇంటికి పోయి మళ్లీ చూశాడు. ఆరు నిజంగానే నకళ్లు. బీర్పూర్‌లో భీమయ్య అనే ఆయన పోస్టర్ పాతదే అని తేలింది. ఆయన నవ్వి, గోడకు మళ్లీ మేకు కొట్టుకున్నాడు. ఎనిమిదోది నర్సయ్యది. తొమ్మిదోది ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చిన ఒక ముసలామెది. రిజిస్టర్లో ఆమె పేరు రాయలేదు, ఊరి పేరే ఉంది. ఏ సినిమాదో కూడా యోహానుకు గుర్తు లేదు. క్యూలో గంట నిలబడి వచ్చిందని, తను చెప్పగానే "అట్లనా అయ్యా" అని దండం పెట్టి వెళ్లిపోయిందని మాత్రం గుర్తుంది. రెండుసార్లు ఎల్లారెడ్డిపేట వెళ్లి బస్టాండులో, బీడీ కంపెనీ దగ్గర, రేషన్ షాపు దగ్గర అడిగాడు. ఆమె ఎవరో ఎవరూ చెప్పలేకపోయారు.