శాస్త్రం ఎవరిదన్న బాలమ్మ

మొన్న వానలో నల్లగొండ బస్సు ఎక్కాను. పక్క సీట్లో ఒక ముసలాయన తడిసిన గొంగడి కప్పుకొని కూర్చున్నాడు. ఆ ఉన్ని వాసన తగలగానే, అలాంటి గొంగడితోనే మా ఇంటికొచ్చే గొల్ల బాలమ్మ గుర్తొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆమె మీద అదే పాత కుళ్లు.

కేతేపల్లి దగ్గర మా ఊళ్లో మా నాయన పురోహితుడు. పదిహేనేళ్లకే భర్త పోయి, తెల్లచీరతో నేను పుట్టింటికి చేరాను. మాకు రోజూ పాలు పోసే బాలమ్మకూ ఆ ఏడే మొగుడు పోయాడు. ఏడాది తిరక్కుండానే ఆమె మారుమనువు చేసుకుంది. చేతుల నిండా ఎర్రగాజులతో నవ్వుతూ వాకిట్లోకి వస్తుంటే, తలుపు చాటు నుంచి చూసి కుమిలిపోయేదాన్ని.

ఒకరోజు నాయన మందలించాడు. "ఏందే బాలమ్మా, మళ్ల మనువాడితివి? శాస్త్రం ఒప్పుతదా? లోకమంత నడిచిన తొవ్వనే శాస్త్రం."

"మా వాడకట్టుల ఎవలు నడిచిండ్రయ్యా గా తొవ్వల?" అంది బాలమ్మ పాలు కొలుస్తూ. "అందరు మనువాడకుండ గట్లనే ఉంటుంటే రాసుడెందుకు? ఆకలైతే తినుమని ఎవలన్న రాసిండ్రా? వద్దన్నా జనం చేసుకుంటుండ్రనే రాసి ఉంటరు. రాసినోళ్లు రాజులో, రాజుల దగ్గరోళ్లో."

నాయన పాలచెంబు తీసుకొని లోపలికి వెళ్లిపోయాడు. నేను మాత్రం సంతోషించలేదు. పురాణాలు చదివిన నాకు తోచని మాట, వేలిముద్ర వేసే మనిషికి తోచిందని మండిపోయాను.

తర్వాత నిజాం మీద, దొరల మీద జనం తిరగబడ్డ సంఘం రోజులొచ్చాయి. దొర తన కోటలాంటి గడి విడిచి పట్నం పారిపోయాక ఊరి తగవులు సంఘమే తీర్చేది. ఆ పంచాయితీలో బాలమ్మను కూర్చోబెట్టారు. ఊరంతా ఆమె మాట వింటుంటే, నేను వంటింట్లో పప్పు రుబ్బుతూ పళ్లు కొరికేదాన్ని.

పోలీసు చర్యతో నిజాం పాలన పోయాక సంఘపోళ్ల కోసం మిలిటరీ ఇల్లిల్లూ వెతికింది. ఒక మధ్యాహ్నం మా పెరటి తలుపు చప్పుడైంది. "చిన్నమ్మా, నేను బాలమ్మను. జర తియ్యి." గొళ్లెం మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. ఆమెకు నా అవసరం పడిందన్న సంతోషం నన్ను ఆపింది. ఎంతసేపు ఆగానో తెలియదు గానీ, ఇప్పటికీ సిగ్గుపడేంతసేపే ఆగాను. చివరికి తీశాను. గాజులు తీయించి, నా తెల్లచీర కట్టబెట్టి, దేవుడి గదిలో కూర్చోబెట్టాను. ముసుగులో అచ్చం నాలాగే ఉంది. చెప్పుకుంటే పాపం గానీ, అలా చూస్తుంటే నా మనసు చల్లబడింది.

సిపాయిలు అడిగితే, ఏనాడూ అబద్ధమాడని నాయన, ఇద్దరూ తన బిడ్డలేననీ, ఇద్దరి మొగుళ్లూ పోయారనీ చెప్పాడు. వాళ్లు వెళ్లిపోయారు.

బాలమ్మ ఆ చీర విప్పి, మడిచి నా చేతిలో పెట్టింది. "ఒక్క పూటకే పానం పోయినట్టైంది. నువ్వెట్ల ఉంటున్నవమ్మా?" అంది. జాలితో కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆమె కట్టంగూరు వైపు వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఉండలేకపోయాను. నాయనతో కొట్లాడి చదువుకున్నాను, టీచరునయ్యాను, ముప్పై ఏళ్లు దాటాక పెళ్లి చేసుకున్నాను. నాయన పెళ్లికి రాలేదు, శాపమూ పెట్టలేదు.

పాత ధర్మశాస్త్రాల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలను అడిగేదాన్ని: ఇది జనం బతికిన తీరా, జనం ఇలా బతకాలని ఏలినవాళ్లు కోరుకున్న తీరా? ఎంత మంచి ప్రశ్న టీచర్ అని మెచ్చుకునేవారు. బాలమ్మ పేరు చెబితే ఆ మెప్పు ఆమెకు పోతుందని, కొలువు చేసినన్నాళ్లూ ఒక్కసారి కూడా చెప్పలేదు.