మేడం గదిలో గ్లాసు నీళ్లు

మా మట్టెవాడ బడి పెద్ద మేడం మొన్న పొద్దున పోయారు. ఆ మాట నాన్నే ఫోన్ చేసి చెప్పాడు. మగ్గాల చప్పుడులో బతికి గట్టిగా మాట్లాడడం అలవాటైన మనిషి, మెల్లగా ఆ ఒక్క మాట చెప్పి బయల్దేరి రమ్మన్నాడు.

మాది ఎలాంటి బడో చెబితే బయటివాళ్లు నవ్వుతారు. నాలుగో తరగతి పక్క గదిలో ప్రతి గురువారం డాక్టరు కూర్చునేవాడు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన ముసలమ్మలు చోటు చాలక మా బెంచీల మీదే సర్దుకునేవారు. వరండాలో టీచర్లు వాళ్లకు పింఛను కాగితాలు నింపిపెట్టేవారు. బడి పిల్లలకు కదా అని ఎవరైనా సణిగితే మేడం ఒంటికాలి మీద లేచేవారు.

"ఇంట్ల మంది నిమ్మలంగ లేకుంటె పిల్లకు చదువు యాడికెల్లి ఎక్కుతది?" అనేవారు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు నాన్న రోజూ నన్ను దింపి నేరుగా మేడం గదిలోకి వెళ్లేవాడు. అక్కడి కుండలోంచి గ్లాసెడు నీళ్లు తాగి వచ్చేవాడు. నా మీద చాడీలు చెప్పడానికే మేడం పిలుస్తున్నారని నా గట్టి నమ్మకం. ఏమన్నారని అడిగితే, ఎక్కాలు వస్తలేవంట అనేవాడు నాన్న, ముఖం గంటు పెట్టుకుని. ఆ భయంతో ఇరవై దాకా బట్టీ పట్టాను. పంతొమ్మిదో ఎక్కం నిద్రలేపి అడిగినా ఇప్పటికీ చెబుతాను.

అదంతా ఉత్తదేనని నా పెళ్లయ్యాక అమ్మ చెప్పింది. అప్పట్లో దగ్గితే రక్తం పడుతున్నా నాన్న దవాఖానకు పోలేదట. దవాఖాన లైనులో ఎవరైనా చూస్తే మగ్గాల సేటు పనిలోంచి తీసేస్తాడని భయం. మేడమే ఇంటికొచ్చి చీవాట్లు పెట్టి, బడి డాక్టరుకు చూపించారట. టీబీ అని తేలింది.

"బిడ్డను దింపెతందుకు వస్తె ఎవరడుగుతరు? రోజు రా. గోళీలు నా ముందట్నే మింగాలె" అన్నారట.

ఆరు నెలలు ఒక్క రోజు తప్పనివ్వలేదు. నాకు నాన్న మిగిలాడంటే ఆమె చలవే.

మేడంని చివరిసారి బడి ముందుకు తెచ్చినప్పుడు వాడంతా వచ్చింది. ఆ గదిలో కుండ ఇంకా ఉంది. నాన్న లోపలికి వెళ్లి నీళ్లు ముంచుకున్నాడు. గుమ్మంలో సేటు నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లు ఎవరికి తెలియకూడదని దాచాడో ఆయనతోనే అనేశాడు.

"నాకు టీబీ ఉండె సేటూ. గీ నీళ్లతోనే గోళీలు మింగిన."

నాన్న తాగేదాకా ఆగి, సేటు గ్లాసు కోసం చెయ్యి చాచాడు.

"ఇటియ్యి. మనుమణ్ని దింపే వంకతోని నేను సుత గిట్లనే వచ్చిన, ఆర్నెల్లు."

నాన్న గ్లాసు కడిగి, నిండా ముంచి ఇచ్చాడు.