గుసగుస బండికి కొత్త గొంతు

గుసగుసకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. కానీ అది అతని నోట్లోంచి ఎవరికీ సరిగా వినపడేది కాదు. పేరడిగినవాళ్లు "ఏమిటీ?" "ఏమిటీ?" అని విసిగి విసిగి, చివరికి ఆ గొంతునే పేరుగా పెట్టేశారు. మనిషి తలుపంత ఉంటాడు. గొంతు మాత్రం తాళంచెవి కన్నంలోంచి వచ్చినట్టుండేది.

ఒక పికప్ బండి నిండా అద్దె కుర్చీలూ బల్లలూ వేసుకుని సభలకూ పెళ్లిళ్లకూ చేరవేయడం అతని పని. పనిలో వంక పెట్టడానికి లేదు. కాలు విరిగిన కుర్చీ ఒక్కటి కూడా దింపేవాడు కాదు. చిక్కల్లా గేటు దగ్గరే. బండి హారన్ ఎప్పుడో మూగబోయింది. గేటు ముందు నిలబడి "ఏవండీ, కుర్చీలొచ్చాయండీ" అని అతను పిలిస్తే లోపలివాళ్ల సంగతి అటుంచి, గేటు మీద వాలిన కాకి కూడా కదిలేది కాదు. ఒక పెళ్లిలో అయితే అతను బయట పిలుస్తూనే ఉన్నాడు, లోపల చుట్టాలు గోడలకు ఆనుకుని నిలబడే భోంచేశారు.

అలాంటివాడి బండికి ఒకనాడు స్పీడ్‌బ్రేకర్ మీద సైలెన్సర్ ఊడిపోయింది. తుప్పు పట్టి పట్టి చిల్లుల గరిటెలా అయిన సైలెన్సర్ అది. ఠంగుమని రోడ్డు మీద పడగానే బండి ఒక్కసారిగా గర్జించింది. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. ఎదురుగా వస్తున్న స్కూటరాయన భయపడి పక్కకు తప్పుకుని, వంగి మరీ దారిచ్చాడు. సభ జరిగే హాలు గేటు దగ్గరకు వెళ్లేసరికి, వాచ్‌మన్ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి రెండు రెక్కలూ తెరిచాడు.

"వస్తున్నారని తెలిసిందండీ! వీధి మొదట్లోనే తెలిసింది!" అన్నాడు రొప్పుతూ.

ఆ మాట గుసగుస చెవుల్లో తేనె పోసినట్టయింది. తను వస్తున్నట్టు మరొకరికి ముందే తెలియడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

అతని భార్య ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే, "వెళ్లి కంపెనీ వాళ్ల సైలెన్సర్ వేయించుకురండి. వేరే వేషాలేమీ వద్దు" అంది. అతను తలూపాడు. భర్త తలూపాడంటే ఒప్పుకున్నట్టు కాదని ఇన్నేళ్లయినా ఆవిడకు తెలియలేదు పాపం.

సైలెన్సర్ల షాపులో పైకప్పు నిండా గొట్టాలు పందిరి కింద పొట్లకాయల్లా వేలాడుతున్నాయి. షాపాయన పొట్టిగా, గుండ్రంగా, బుగ్గలు ఉబ్బించుకుని ఉన్నాడు. ఆ బుగ్గలతోనే ఆయన వ్యాపారమంతా. ప్రతి సైలెన్సర్‌నీ బండికి బిగించి వినిపించడం కుదరదు గనక, దేని చప్పుడైనా నోటితోనే చేసి చూపించేవాడు.

"మీకే గొంతు కావాలి?" అనడిగాడు, బట్టల కొట్లో రంగు అడిగినట్టు.

"కాస్త... గట్టిగా..." అన్నాడు గుసగుస.

"ఆఁ?"

గుసగుస చేతులు బార్లా చాపి చూపించాడు. షాపాయనకు అర్థమైంది. మొదట ఒక సన్నటి గొట్టం మీద చెయ్యి వేసి, "ఇది చూడండి, బుర్‌ర్‌ర్ అంటుంది. సంసారుల గొంతు" అన్నాడు. తరవాత ఇంకో లావుపాటి డబ్బా తట్టి, కళ్లు మూసుకుని, బుగ్గలు పూరించి, "డుబ్... డుబ్... డుబ్... డుడుడుడు!" అన్నాడు. తుంపర గుసగుస చొక్కా మీద పడింది. "ఇది పెద్దమనిషి గొంతు. అరవదు. కానీ వినకుండా ఉండలేరు." ఇక మూడోది జంట గొట్టాలది. దానికి ఆయన చేసిన చప్పుడుకు పక్క షాపువాడు పరుగెత్తుకొచ్చి, "ఏమైందన్నా, ఛాతీలో నొప్పా?" అనడిగి వెళ్లాడు.

నోటితో ఎంత ఆర్భాటం చేసినా షాపాయన మోసగాడు కాదు. జంట గొట్టాలు వద్దన్నది ఆయనే. "గొట్టం మరీ లావైతే బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు. స్టీలుదైతే తుప్పు పట్టదు. పొగ వచ్చే మూతిని వెనక చక్రం దాటించి పక్కకు తిప్పుతాను. లేకపోతే మీ కుర్చీలన్నీ మసి పడతాయి, పెళ్లికొడుకు లేచేసరికి వెనక నల్లగా ఉంటుంది" అన్నాడు.

రెండోదే బాగుందనిపించింది గుసగుసకు. అయినా భార్యకు చెప్పకుండా వేయిస్తే మిషన్ సూది నోటితో పట్టుకుని మాట్లాడుతుంది. అందుకని ఇంటికొచ్చి, హాల్లో నిలబడి, బుగ్గలు పూరించి, ఆ రెండో చప్పుడు చేసి చూపించాడు. ఆ గొంతులో అది పాలు పొంగబోతున్న గిన్నెలా వినిపించింది.

భార్య మిషన్ ఆపేసి, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. బఠాణీలు వలుస్తున్న అత్తగారు మాత్రం కంగారుపడింది.

"అమ్మాయ్, అల్లుడికి కడుపులో బాగాలేనట్టుంది, వేడినీళ్లు పెట్టు."

"కడుపు కాదమ్మా, సైలెన్సర్."

"అదెక్కడుంటుందే ఒంట్లో?"

నవ్వీ నవ్వీ అలసిపోయిన భార్య, "పాలు పొంగినట్టే కదా, వేయించుకోండి" అనేసింది. గుసగుస మళ్లీ నోరెత్తలేదు, మాట మారుతుందేమోనని.

మర్నాడు షాపాయన బండి కింద దూరి, మిగిలిన పాత గొట్టం విప్పి, కొత్తది బిగించి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ "కొట్టండి స్టార్టు" అన్నాడు. ఇద్దరూ చెవులు రిక్కించారు.

"గుర్‌ర్‌ర్‌ర్..." అంది బండి. కాసేపాగి, "ఫ్యూ..." అని సన్నగా ఈల వేసింది. మళ్లీ "గుర్‌ర్‌ర్‌ర్... ఫ్యూ..."

షాపాయన ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నోటితో ఆ చప్పుడు చెయ్యబోయాడు, రాలేదు. "కొత్తది కదా, రెండు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అన్నాడు ఎటో చూస్తూ.

గుసగుస ఉసూరుమంటూ ఇంటి ముందు బండి ఆపాడో లేదో, లోపల బఠాణీల గిన్నె కింద పడ్డ చప్పుడైంది. అత్తగారు కొంగు భుజం మీదికి సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మాయ్! మీ నాన్న!"

మామగారు పోయి చాలా కాలమైంది. ఆయన గురకకు పెద్ద పేరుండేది. రైల్లో ఆయన నిద్రపోతే పెట్టెంతా జాగారమే. ఆ గురక పక్కన ఒక జీవితకాలం పడుకున్న మనిషికి, అది ఆగిపోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయి నిద్ర పట్టడం మానేసింది. మందులు వాడారు, తలగడలు మార్చారు, లాభం లేకపోయింది. ఇప్పుడు ఆవిడ కుర్చీ ఒకటి తెచ్చి బండి పక్కన వేసుకుంది. రెండు గుర్‌ర్‌లకు కళ్లు మూతలు పడ్డాయి. మూడో ఫ్యూకి నోరు తెరుచుకుంది.

"ఆపండి, డీజిలంతా అయిపోతుంది" అంది భార్య. ఆపాడు. అత్తగారి కళ్లు ఠక్కున తెరుచుకున్నాయి.

"ఎవరా ఆపింది?"

మళ్లీ స్టార్టు చేశాడు. ఎదురింటి డ్రిల్లు మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమయ్యా, బండి పడుకుందా నువ్వు పడుకున్నావా?" అని కేకలేశాడు. ఇటు అత్తగారు, అటు మాస్టారు, మధ్యలో డీజిలు. గుసగుస తలప్రాణం తోకకొచ్చింది. చివరికి దారి చూపింది భార్యే. "బండి ఎలాగూ తిరగాలి కదా. అమ్మను కూర్చోబెట్టుకుపొండి" అంది.

ఆనాటి నుంచి అత్తగారి నిద్రంతా పికప్‌లోనే. బయల్దేరగానే పడుకునేది, గేటు దగ్గర ఇంజిను ఆగగానే లేచేది. నిద్ర తీరిన మనిషి గొంతు ఎలా ఉంటుంది? "లోపలెవరర్రా! కుర్చీలొచ్చాయి! రండి, దింపుకోండి!" అని ఒక్క కేక వేస్తే వంటవాళ్లు కూడా గరిటెలతో వచ్చి నిలబడేవారు. జనం దాన్ని అత్తగారి బండి అనడం మొదలెట్టారు.

ఇలా సాగుతుండగా షాపాయన కబురంపాడు. ఆ చప్పుడు ఆయనకు కంటి మీద కునుకు లేకుండా చేసిందట. ఆలోచించగా ఆలోచించగా తేలిందేమిటంటే, డబ్బా లోపలి రేకు ఒకటి తనే వదులుగా వదిలేశాడు. గుసగుస వెళ్లగానే ఉచితంగా బిగించేశాడు. ఈసారి స్టార్టు చేస్తే, అచ్చం ఆయన నోటితో చేసినట్టే, డుబ్... డుబ్... డుబ్. ఆ చప్పుడు సీటులోంచి వెన్నులోకి ఎక్కింది. గుసగుస కళ్లు చెమర్చాయి. షాపాయన ఛాతీ విరుచుకున్నాడు. పక్క షాపువాడు చప్పట్లు కొట్టాడు.

వీధి మలుపు తిరిగేదాకా గుసగుస మహారాజే. మలుపు దగ్గర పక్క సీట్లోని అత్తగారు నిద్ర రాక ఇటు తిరిగింది.

"అన్నట్టు బాబూ, మా చెల్లెలి ఆడపడుచు తోడికోడలి సంగతి నీకు చెప్పానా?"

చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది. దాని తరవాత ఆ తోడికోడలి తమ్ముడి సంగతి వచ్చింది. వాడు కట్టిన ఇంటికి మెట్లు ఎందుకు ఎదురుతిరిగాయో, ఆ మెట్లు కట్టిన మేస్త్రీ ఎవరింటి అల్లుడో, ఆ అల్లుడికి మొదట ఏ సంబంధం చూశారో వచ్చాయి. "వింటున్నావా?" అని మధ్యమధ్య మోకాలి మీద తట్టేది. కింద సైలెన్సర్ పెద్దమనిషిలా మోగుతూనే ఉంది గానీ, వినే చెవి ఖాళీ ఉంటే కదా. మేస్త్రీ మేనమామల దాకా వచ్చేసరికి గుసగుస బండి వెనక్కి తిప్పాడు.

"మళ్లీ వదులు చెయ్యండి" అన్నాడు షాపాయనతో.

"ఆఁ?"

"వదులు!" అని అరిచాడు గుసగుస. అరుపంటే నిజంగా అరుపే. పైన గొట్టాలు ఒకదానికొకటి తగిలి మోగాయి. పక్క షాపువాడు మళ్లీ పరుగెత్తుకొచ్చాడు.

షాపాయన బతిమాలాడు, తన పనితనం మీద ఒట్టు పెట్టాడు. కానీ బండిలోంచి అత్తగారు దిగి, ఆయన మేస్త్రీలకు చుట్టమా అని వాకబు చెయ్యడం మొదలెట్టేసరికి, స్పానర్ తీసుకుని బండి కింద దూరాడు.

"ఇది నా షాపులో వేయించినట్టు మాత్రం ఎవరికీ చెప్పకండి" అంది బండి కింది నుంచి ఆయన గొంతు, బొంగురుగా.

సాయంత్రం ఎత్తు మీదున్న ఒక సభకు కుర్చీలు దింపాలి. రెండో గేరులో బండి గుర్రుపెడుతూ, ఈల వేస్తూ మెల్లగా ఎక్కుతోంది. అత్తగారి తల గుసగుస భుజం మీదికి వాలింది. గతుకు వచ్చిన చోట అతను ఇంకాస్త నెమ్మదించి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో ఆవిడ కళ్లజోడు జారకుండా పట్టుకుని పోనిచ్చాడు.