సీపీయూకి కుట్టిన కవరు

మా బావ కవర్లు కుడతాడు. సోఫాలకు, ఫ్రిజ్‌లకు, మిక్సీలకు, ఆఖరికి రిమోట్లకు కూడా. ఆ ఇంట్లో కవరు తొడగనిదంటూ ఉంటే అది నువ్వొక్కదానివేనని నేను అక్కను ఏడిపిస్తూ ఉంటాను.

అక్క ఇంట్లోనే కూర్చుని పాఠ్యపుస్తకాలు టైపు చేస్తుంది. చేత్తో దిద్దిన పేజీలను తప్పుల్లేకుండా ఎక్కించి ప్రచురణ సంస్థకు పంపాలి. పదకొండేళ్లుగా ఇదే పని. ఆమె కన్నుగప్పి ఒక్క కామా పోదు. అలాంటి మనిషి కంప్యూటరు వేసవి మొదట్లో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. హెచ్చరికా లేదు, పాడూ లేదు. తెర నల్లబడుతుంది, అంతే.

రిపేరు చేసేవాడు వచ్చి ర్యామ్ మార్చాడు, యూపీఎస్ మార్చాడు. మళ్లీ ఆగింది. చివరికి సీపీయూని షాపుకి పట్టుకుపోయి రెండు రోజులు నడిపించాడు. అక్కడ బుద్ధిగా నడిచింది. తిరిగి తెచ్చిపెట్టి, మిషన్లో ఏ లోపమూ లేదు, వాడే చేతిలోనే ఏదో ఉందన్నాడు. నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్లు బాగున్న చేతికి ఇప్పుడు కొత్తగా ఏ రోగం వచ్చిందట?

బావ ఆ మాట నమ్మేశాడు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. రెండుసార్లు ఫైలు ఆలస్యమయ్యేసరికి సంస్థ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. అక్క స్నానానికి వెళ్లిందని బావే ఎత్తాడు.

"మా ఆవిడకి కంప్యూటరంటే అంతంతమాత్రమే సార్. ఏదో ఒకటి నొక్కేస్తుంది."

నవ్వుతూ అన్నాడు, నేనక్కడే ఉన్నాను. మర్నాడు ఇన్‌ఛార్జి అక్కకే ఫోన్ చేసి, బావ అన్న మాటే ఎత్తిచూపి, సైన్సు పుస్తకం సోమవారానికి అందకపోతే ఇక పని ఇవ్వలేమని తేల్చేశాడు.

అక్క అరవలేదు, ఏడవలేదు. మొదటి నుంచీ మిషన్ ఆగిన ప్రతిసారీ టైము క్యాలెండర్‌లో రాసిపెట్టుకుంది. ఆ సాయంత్రం దాన్ని నా ముందు పరిచింది. గడులన్నీ అంకెలతో నిండిపోయాయి, ఆదివారాలు తప్ప. ఆదివారాలు కూడా పొద్దున్నుంచీ టైపు చేస్తూనే ఉందే! ఆ ఒక్కరోజూ ఏం మారుతోందని ఇద్దరం బుర్రలు బద్దలు కొట్టుకున్నాం.

ఆదివారం బావ ఇంట్లో కవర్లన్నీ ఉతికి ఆరేస్తాడు.

దుమ్ము పడుతోందని వేసవి మొదట్లో సీపీయూకి కూడా ఒకటి కుట్టాడు మహానుభావుడు. దళసరి గుడ్డ, లోపల ప్లాస్టిక్, వెనక జిప్పు. బటన్‌కీ వైర్లకీ మాత్రం చిన్న కన్నాలు. లోపలి ఫ్యాను ఊదే వేడిగాలికి బయటికి దారే లేదు. వేడి హద్దు దాటగానే మిషన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. రిపేరువాడు వచ్చినప్పుడల్లా కవరు విప్పే చూశాడు, షాపులోనూ కవరు లేకుండానే నడిపించాడు. అన్నిటికీ కవర్లున్న ఇంట్లో ఇంకో కవరు ఎవరి కంటికి ఆనుతుంది?

అక్క జిప్పు లాగి కవరు తీసి పక్కన పడేసింది. ఆ తర్వాత మిషన్ ఒక్కసారీ ఆగలేదు. శనివారం మధ్యాహ్నానికే పుస్తకం పూర్తిచేసి పంపేసింది.

అప్పుడు బావకి కోపం వచ్చింది. తన చేతిపనికి వంక పెట్టామట. నాలుగు కన్నాలు పెడితే పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికన్నాడు. భేష్. నెల రోజులు ఆమె చేతిని ఆడిపోసుకున్నది మాత్రం రాద్ధాంతం కాదు కాబోలు.

నేను నోరు తెరవబోతే అక్క వారించింది. ఇన్‌ఛార్జి నంబరు కలిపి ఫోన్ బావ చేతిలో పెట్టింది.

"ఆ రోజు నా గురించి మీరే చెప్పారుగా. అసలు సంగతి కూడా మీరే చెప్పండి."

బావ ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. చిన్న పొరపాటు జరిగిందని, ఇప్పుడు బాగైపోయిందని ఏదో గొణిగాడు. అక్క అక్కణ్ణుంచి కదల్లేదు.

"పొరపాటు ఎవరిదో చెప్పండి."

బావ గోడవైపు తిరిగాడు. "నాదే సార్. ఆవిడ పనిలో ఏ తప్పూ లేదు."

అక్క ఫోన్ అందుకుని, లెక్కల పుస్తకం ఎప్పుడు పంపిస్తారని అడిగింది.